దొడ్డిలో పడింది తోడేలేనా?

తోడేలు అనగానే గొఱ్ఱెల మంద, కాపరి, భయము అన్నీ కలిసి మనకు జ్ఞాపకము వస్తాయి. సండేస్కూలు రోజుల నుండి వింటున్నాము గదా! కుక్క అంటే మాత్రము వాకిట్లో పడుకొని, మనము రాగానే తోక ఆడించే జంతువు. ఒకటి శత్రువు, ఇంకొకటి స్నేహితుడు అని మనసులో గట్టిగా గీత గీసుకున్నాము. ఆ గీత ఎంతవరకు నిజమో గత వేసవిలో మా బాబాయిగారి మేకల దొడ్డిలో తెలుసుకున్నాను.

బాబాయిగారిది అశ్వారావుపేట పక్కన ఒక చిన్న ఊరు. పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఇల్లు. నేను వెళ్ళిన మరునాడు తెల్లవారుజామున పిన్ని కేక విని అందరము దొడ్డిలోకి పరుగెత్తాము. మూడు మేకపిల్లలు చచ్చి పడి ఉన్నాయి. ఒక పెద్ద మేక చెవి తెగి, వెనుక తొడ చీలి, లేవలేక అరుస్తున్నది.

"తోడేలు పడిందిరా. ఇది తోడేలు పనే" అన్నాడు బాబాయి.

ఆయన కొడుకు మాట్లాడకుండా లోపలికి వెళ్ళి, వరిపొలానికి తెచ్చిన గుళికల పొట్లము పట్టుకొచ్చాడు. చచ్చిన పిల్లల్లో మందు పెట్టి అడవి అంచున పారేస్తే రాత్రికి అదే తిని చస్తుందని వాడి ఆలోచన. "ఆగరా తమ్ముడూ, ముందు చూద్దాము" అని చెయ్యి పట్టుకున్నాను.

చూస్తే ఒక్క పిల్లను కూడా తినలేదు. కాట్లు ఒక పద్ధతిగా లేవు. చెవులు, తోకలు, తొడలు, ఎక్కడ అందితే అక్కడ పీకినట్టు ఉన్నది. గొంతు పట్టిన గుర్తు ఒక్కదానికీ లేదు. ఆకలి మీద వచ్చిన అడవి జంతువు అయితే ఒక పిల్లనైనా ఎత్తుకుపోతుంది, లేదా అక్కడే కడుపు చీల్చి తింటుంది. ఎదురింటి పెద్దమ్మ వచ్చి, రాత్రంతా కుక్కల మొరుగుడే మొరుగుడు, నిద్ర లేదు అన్నది. రోడ్డు పక్కన కోడిమాంసము కొట్ల వ్యర్థాలు పోసే గుంట దగ్గర ఏడెనిమిది కుక్కలు చేరి ఉంటాయని కూడా ఆమే చెప్పింది.

బాబాయికి నమ్మకము కుదరలేదు. "కుక్కలు ఇంత పని చేస్తాయా? మనము అన్నము పెట్టే కుక్కలేగా!" అన్నాడు. ఆ ప్రశ్నకు అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పటానికి ప్రయత్నము చేస్తాను.

ముందు, అశ్వారావుపేట అడవిలో తోడేలు మాట. ఒకప్పుడు ఖమ్మం జిల్లాలో ఉన్న ఈ ప్రాంతము 2016 అక్టోబరు నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనిది. పక్కనున్న కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. గీతలు మారినా అడవి మాత్రము పాపికొండల దాకా ఒకటే. అయితే మన దేశపు తోడేలుకు దట్టమైన అడవి పెద్దగా నచ్చదు. దానికి కావలసింది గడ్డి బీళ్ళు, తుప్పలు, మెట్టభూములు. అందుకే తోడేలు బాధ బాగా తెలిసినవారు అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు గొఱ్ఱెల కాపరులు. నందికొట్కూరు దగ్గరి రోళ్ళపాడులో 1988లో బట్టమేక పక్షి కోసము ఏర్పాటు చేసిన అభయారణ్యములో తోడేళ్ళు కూడా తిరుగుతాయి.

గోదావరి వైపు అడవికి తగిన జంతువు రేచుకుక్క. దీన్నే అడవికుక్క అని కూడా అంటారు. ఒళ్ళు ఎరుపు, తోక గుబురుగా నల్లగా ఉంటుంది, చెవుల కొనలు గుండ్రము. మొరగదు, ఈల వేసినట్టు కూస్తుంది. గుంపు కట్టి దుప్పిని, కణుజును కూడా పడగొడుతుంది. పేరులో కుక్క ఉన్నదే గాని మన ఇంటికుక్కకు దగ్గరి చుట్టము కాదు. కుక్కకు, తోడేలుకు నలభై రెండు పళ్ళు ఉంటే దీనికి నలభై. రేచుకుక్కకు, ఊరకుక్కకు పిల్లలు పుట్టవు. తోడేలుకు, ఊరకుక్కకు పుడతాయి. పూణె దగ్గర అలా పుట్టిన సంకర జంతువులను జన్యు పరీక్షతో 2023లో గుర్తించారు కూడా. అంటే పగవాడు అనుకున్న తోడేలే మన కుక్కకు రక్తసంబంధి! పదిహేను వేల సంవత్సరాలకు తక్కువ కాకుండా, పాత తోడేళ్ళ జాతి ఒకటి మనుషుల చెంత చేరి కుక్క అయ్యిందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు.

ఇక బలము సంగతి. సినిమాల్లో, బొమ్మల పుస్తకాల్లో చూసే తోడేలు చలిదేశాలది. అది నలభై కిలోలు దాటుతుంది. మన తోడేలు పదిహేడు నుండి ఇరవై అయిదు కిలోలే తూగుతుంది. బాగా తిండి దొరికిన ఊరకుక్క దానికి పెద్దగా తీసిపోదు. అయినా పోటీకి నిలబెడితే గెలుపు తోడేలుదే. పొడవైన కాళ్ళు, సన్నని ఛాతీ, వెడల్పు పాదాలు దానికి నడక కోసమే ఇచ్చినట్టు ఉంటాయి. ఒక్క రాత్రిలో ఇరవై, ముప్పై కిలోమీటర్లు అలవోకగా తిరుగుతుంది. తల పెద్దది, దవడ గట్టిది, పళ్ళు పెద్దవి. ఎముకలు పగలగొట్టి మూలుగ తింటుంది. మెదడు కూడా అంతే బరువున్న కుక్క మెదడు కంటే పెద్దది. హిమాలయ కాపరులు తమ కుక్కల మెడకు ఇనుప మేకుల పట్టీ కట్టేది ఊరికే కాదు. గొంతు మీద ఒక్క కాటు పడితే ఆ కుక్క పని అయిపోయినట్టే!

కాని బలమున్నంత మాత్రాన తోడేలు కయ్యానికి కాలు దువ్వదు. కాలు విరిగితే దానికి అన్నము పెట్టేవారు లేరు. గెలుపు మీద అనుమానము ఉంటే తప్పుకొని పోతుంది. కొత్త వస్తువు కనిపించినా అనుమానమే. మన కుక్క అట్లా కాదు. వెనుక యజమాని ఉన్నాడంటే తనకు రెండింతలున్న ఎద్దు మీదికి కూడా లేస్తుంది. ధైర్యము అంటామో, అరువు ధైర్యము అంటామో మీరే చెప్పండి.

తిండిలో కూడా తేడా ఉన్నది. మనము గంజి పోసినా, మెతుకులు వేసినా కుక్క బ్రతుకుతుంది. తోడేలు అలా బ్రతకలేదు. పిండిపదార్థాలను అరిగించే జన్యువు తోడేలులో రెండు ప్రతులు ఉంటే, కుక్కల్లో నాలుగు నుండి ముప్పై దాకా ఉన్నాయని 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. వ్యవసాయము చేసే మనిషి పొయ్యి పక్కన కూర్చొని కూర్చొని కుక్క కడుపు కూడా మారిపోయింది.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరచింది స్వభావమును గూర్చిన సంగతులు. తోడేలు పిల్లను తెచ్చి పాలు పోసి పెంచితే కుక్క అవుతుందని చాలామంది అనుకుంటారు. హంగరీ దేశములో పరిశోధకులు సరిగ్గా అదే చేసి చూశారు. పుట్టిన కొద్ది రోజులకే తోడేలు పిల్లలను తీసుకొని, చంకన పెట్టుకొని పెంచారు. తరువాత వాటికీ, కుక్కలకూ మాంసము దాచిన పెట్టె ఇచ్చారు. తెరవటము వచ్చాక, ఈసారి తెరుచుకోకుండా బిగించి ఇచ్చారు. కుక్క కాసేపు గీరి, తలెత్తి మనిషి ముఖములోకి చూసింది. తోడేలు చూడలేదు. చివరిదాకా తనే పెనుగులాడింది. ఈ సంగతి 2003లో ప్రకటించారు. అయ్యా, తెరిచి పెట్టవూ అని అడగటము కుక్కకు వచ్చిన విద్య, తోడేలుకు రాని విద్య.

అయితే ఈ కథకు రెండవ వైపు కూడా ఉన్నది. ఆస్ట్రియాలోని ఎర్న్‌స్ట్‌బ్రున్ అనే ఊరిలో తోడేళ్ళను, కుక్కలను ఒకే తీరుగా పెంచి పోల్చి చూసే కేంద్రము కలదు. అక్కడ ఒక పలకకు తాడు కట్టి రెండు కొసలు వదిలారు. రెండు జంతువులు రెండు కొసలను ఒకేసారి లాగితేనే మాంసము దగ్గరకు వస్తుంది. తోడేళ్ళు జతగా లాగి తిన్నాయి. కుక్కలు దాదాపు ఒక్కసారి కూడా చేయలేకపోయాయి. 2017లో ఈ ఫలితము చదివినవారు చాలామంది నమ్మలేదట. తోడేలు తన కుటుంబముతో బ్రతికే జంతువు. తల్లి, తండ్రి, ముందటి ఈతల పిల్లలు అందరూ కలిసి కొత్త పిల్లలను సాకుతారు. వేట నుండి వచ్చి మాంసము కక్కి పెడతారు. కుక్క మనిషిని నమ్ముకొని తన వారితో ఆ పొందిక పోగొట్టుకున్నది. ఊరకుక్కల్లో మగది పిల్లల వైపు తిరిగి చూడటము ఎక్కడో గాని కనిపించదు.

బాబాయి అడిగిన దానికి జవాబు ఇక్కడే ఉన్నది. తోడేలు చంపేది తినటానికి, పిల్లలకు పెట్టటానికి. (దొడ్డిలో చిక్కితే అది కూడా ఒక్కోసారి అవసరానికి మించి చంపుతుంది, కాదనను.) యజమాని లేని కుక్కల గుంపుకు వేట పూర్తిగా రాదు, వేట కోరిక మాత్రము పోలేదు. మేక పరుగెత్తితే తరుముతుంది, దొరికితే పీకుతుంది, అది పడిపోతే ఇంకో దాని వెంట పడుతుంది. పైగా దానికి మనిషి భయము లేదు. తోడేలు మన దీపము చూసి ఆగిపోయే చోట, ఊరకుక్క నేరుగా దొడ్డిలోకి వస్తుంది.

తోడేలు మనిషి జోలికి రానే రాదని మాత్రము నేను చెప్పను. 1996లో ఉత్తరప్రదేశ్ తూర్పు జిల్లాల్లో తోడేలు వాత పడి ఎందరో పసిపిల్లలు చనిపోయారు. 2024లో బహ్‌రాయిచ్ జిల్లాలో మళ్ళీ అదే జరిగింది. ఆరుబయట పిల్లలను పడుకోబెట్టుకునే పేద కుటుంబాలవే ఆ ఇళ్ళు. కాని మన దేశములో ఏటా కుక్కకాటు వలన వచ్చే రేబిస్‌తో చనిపోయేవారు వేలల్లో ఉన్నారు. అందులో పిల్లలు కూడా చాలామంది. ఆ జబ్బు లక్షణాలు బయటపడిన తరువాత బ్రతకటము దాదాపు అసాధ్యము. ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ 1885 జూలైలో తొలిసారి టీకా వేసింది కుక్క కరచిన తొమ్మిదేళ్ళ బాలునికి. మరుసటి సంవత్సరము రష్యా నుండి పిచ్చి తోడేలు కరచిన పందొమ్మిది మంది ఆయన దగ్గరకు వచ్చారు. వారిలో పదహారు మంది బ్రతికారు.

ఈ మాటలు ఆ ఉదయము దొడ్డిలో చెబుతుంటే పిన్ని ముఖము మారిపోయింది. రెండు రోజుల క్రితము మనుమణ్ణి ఆ గుంట దగ్గరి కుక్క మడమ మీద పట్టిందట. చిన్న గాటే గదా అని పసుపు, సున్నము అద్ది ఊరుకున్నారు. వాడు మాతోపాటే దొడ్డిలో నిలబడి మేకను చూసి ఏడుస్తున్నాడు. ప్యాంటు పైకి మడిచి చూస్తే గాటు ఇంకా ఎర్రగా ఉన్నది.

మేకల మాట మర్చిపోయాము. సబ్బు పెట్టి, ధార కింద పావుగంట కడిగాము. వెంటనే చేయవలసిన పని అది, రెండు రోజులు ఆలస్యమైనా మానకూడదు. తమ్ముడు గుళికల పొట్లము అక్కడే పడేసి మోటారుసైకిలు తీశాడు. ఆసుపత్రిలో మొదటి సూది వేశారు. రక్తము కారిన గాయము గనుక దాని చుట్టూ ఇంకో మందు కూడా ఇచ్చి, మిగిలిన తేదీలు చీటీ మీద రాసిచ్చారు. ఆలస్యముగా వచ్చారని డాక్టరు కోపపడ్డాడు, కాని వచ్చినందుకు సంతోషించాడు కూడా.

సాయంత్రము తమ్ముడు పొట్లము తీసి అటక మీద పెడుతూ, "మందు పెట్టి ఉంటే ఏమయ్యేది అన్నా?" అని అడిగాడు. ముందు మన ఇంటి కుక్కే చచ్చేదన్నాను. తరువాత నక్క, గద్ద, ఆ మాంసము ముట్టినదల్లా! తోడేలైనా, రేచుకుక్కైనా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము కింద చంపకూడని జంతువులు, కేసు పడుతుంది. నిజంగా అడవి జంతువే చంపి ఉంటే కళేబరమును కదపకుండా అటవీశాఖ వారికి కబురు పెట్టాలి. వారు చూసి రాసుకుంటేనే నష్టపరిహారము వస్తుంది. మందు కలిపిన కళేబరము చూపించి ఏమని అడుగుతాము?

గాయపడిన మేక బ్రతికింది. పశువుల డాక్టరు కుట్లు వేసి, దానికీ సూదులు చెప్పాడు. పిన్ని దాని గాయము ఉత్త చేతులతో తుడిచింది గనుక ఆమెకు కూడా వేయించారు. దొడ్డికి తడిక తీసి, ఛాతీ ఎత్తున ఇనుప వల కట్టి, అడుగున రాళ్ళు పేర్చారు. కొట్లవాళ్ళతో ఊరి పెద్దలు మాట్లాడి వ్యర్థాల గుంట పూడ్పించారు. బాబాయి వాకిట్లో ఉండే నల్లకుక్కకు ఆ నెలలోనే మొదటిసారి రేబిస్ టీకా వేయించారు. సూది పడుతుంటే అది అరవలేదట, బాబాయి ముఖములోకి చూస్తూ నిలబడిందట.