ఫ్లైట్ సిమ్యులేటర్: ముక్కు దించగానే ఇంజిన్ కట్.. గేమ్‌లో బగ్ కాదు, 1940లో పైలట్లు పడ్డ కష్టమే ఇది!

రెండో ప్రపంచ యుద్ధం నాటి స్పిట్‌ఫైర్‌ను కంప్యూటర్ గేమ్‌లో నడిపే కొత్తవాళ్లకు మొదట్లోనే ఓ షాక్ తగులుతుంది. శత్రు విమానం డైవ్ కొట్టిందని స్టిక్‌ను గట్టిగా ముందుకు నెడితే చాలు.. ఇంజిన్ దగ్గినట్టు చప్పుడు చేసి, పవర్ పడిపోతుంది. గేమ్‌లో ఏదో లోపం అనుకుంటారు. కానీ 2011లో వచ్చిన ‘ఐఎల్-2 స్టర్మోవిక్: క్లిఫ్స్ ఆఫ్ డోవర్’ లాంటి సిమ్యులేషన్ గేమ్‌లలో దీన్ని కావాలనే పెట్టారు. ఎందుకంటే 1940లో బ్రిటన్ ఆకాశంలో పైలట్లకు సరిగ్గా ఇదే జరిగింది.

ఇంజిన్ ఎందుకు ఆగేది?

స్పిట్‌ఫైర్, హరికేన్ ఫైటర్లలో రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజిన్ ఉండేది. పాత బైకుల్లో లాగే దీనికీ ఫ్లోట్ ఉన్న కార్బ్యురేటర్. స్పీడ్ బ్రేకర్ మీద బస్సు ఎగిరితే మనం సీట్లోంచి లేచినట్టు, ముక్కు ఒక్కసారిగా దించితే పెట్రోల్ కార్బ్యురేటర్ పైభాగానికి ఎగిరేది. ముందు ఇంధనం అందక ఇంజిన్ తడబడేది. ఆ వెంటనే ఫ్లోట్ అదుపు తప్పి, పెట్రోల్ ఎక్కువై పవర్ పోయేది.

జర్మనీ మెస్సర్‌ష్మిట్ 109కు ఆ బాధ లేదు. దాని ఇంజిన్‌లో ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. అందుకే స్పిట్‌ఫైర్ వెంటపడితే జర్మన్ పైలట్ నేరుగా కిందకు దూకేవాడు. బ్రిటిష్ పైలట్ మాత్రం ముందు విమానాన్ని తలకిందులు చేసి, ఆ తర్వాత స్టిక్ లాగాలి. ఆ రెండు మూడు క్షణాల్లోనే శత్రువు చేజారిపోయేవాడు. అప్పట్లో స్పిట్‌ఫైర్లతో పోరాడిన దళాల్లో నిజాం తలపాగా చిహ్నంగా ఉన్న 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్ కూడా ఒకటి.

చిన్న బిళ్లతో పరిష్కారం

దీనికి విరుగుడు కనిపెట్టింది ఫార్న్‌బరో పరిశోధన కేంద్రం ఇంజినీర్ బియాట్రిస్ షిల్లింగ్. ఆమె బైక్ రేసర్ కూడా! మధ్యలో రంధ్రం ఉన్న చిన్న లోహపు బిళ్లను పెట్రోల్ లైన్‌లో బిగించారు. ఫుల్ పవర్‌కు ఎంత కావాలో అంతే పెట్రోల్ వెళ్తుంది, ఇంజిన్‌ను ముంచెత్తదు. 1941లో ఎయిర్‌ఫీల్డ్‌లకే వెళ్లి వీటిని అమర్చారు. పూర్తి పరిష్కారం మాత్రం తర్వాత వచ్చిన ప్రెజర్ కార్బ్యురేటర్లతోనే దొరికింది.

గేమ్‌లోకి ఎలా వస్తుంది?

దీని వెనక ఉండేదే ‘ఫ్లైట్ మోడల్’. రెక్కల మీద గాలి ఒత్తిడి, ప్రొపెల్లర్ లాగే బలం, ఖర్చవుతున్న ఇంధనంతో తగ్గే బరువు, ఎత్తుకు వెళ్లేకొద్దీ పలచబడే గాలి.. వీటన్నిటినీ కంప్యూటర్ సెకనుకు ఎన్నోసార్లు లెక్కేస్తుంది. అందుకు ఆధారం యుద్ధకాలపు పైలట్ మాన్యువల్స్, టెస్ట్ రిపోర్టులు, పట్టుబడిన శత్రు విమానాల మీద చేసిన పరీక్షలు.

చిక్కు కూడా ఇక్కడే. ఒకే మోడల్ విమానం అన్ని రిపోర్టుల్లో ఒకేలా ఉండదు. ఉదాహరణకు 1940లో 100 ఆక్టేన్ పెట్రోల్ రావడంతో అదే మెర్లిన్ ఇంజిన్ తక్కువ ఎత్తులో అంతకుముందు కన్నా ఎక్కువ పవర్ ఇచ్చింది. ఏ పెట్రోల్, ఏ నెల లెక్క తీసుకున్నారన్న దాన్ని బట్టి గేమ్‌లో గెలుపోటములే మారిపోతాయి. గేమర్ల మధ్య గొడవలు ఎక్కువగా దీని మీదే!

చాలా మొబైల్ గేమ్‌లలో వేలు ఎటు జరిపితే విమానం అటే వెళ్తుంది. సిమ్యులేటర్‌లో అలా కుదరదు. అందుకే అక్కడ బాగా ఆడేవాళ్లు ముందు తమ విమానం ఏం చేయలేదో నేర్చుకుంటారు. నాటి పైలట్లూ అదే నేర్చుకున్నారు.. కాకపోతే వాళ్లకు రీస్టార్ట్ బటన్ లేదు.