నెల తక్కువ బిడ్డలు: అపోహలు – వాస్తవములు

ఏడవ నెలలో పుట్టిన బిడ్డ దక్కును గాని ఎనిమిదవ నెలలో పుట్టిన బిడ్డ దక్కదను మాట మన యిండ్లలో పెద్దవారి నోట నేటికిని వినబడుచునే యున్నది. ఈ నమ్మిక మనకొక్కరికే చెందినది కాదు. ప్రాచీన గ్రీకు దేశమున హిప్పోక్రటీసు పేర చెల్లుచు వచ్చిన వైద్యగ్రంథములలో ఎనిమిదవ మాసపు శిశువును గూర్చి ప్రత్యేకముగా నొక గ్రంథమే కలదు. ఇన్ని శతాబ్దములు నిలిచినను దీనికి ఆధారమేమియు లేదు. గర్భవాసమున గడచిన ప్రతి వారమును శిశువునకు బలమునే చేకూర్చును. 30 వారములకు జన్మించిన బిడ్డ ఊపిరితిత్తులకంటె 34 వారములకు జన్మించిన బిడ్డ ఊపిరితిత్తులు ఎక్కువ పరిణతి నొందియుండును. నెలల లెక్క విని ముందుగనే ఆశ వదలుకొన్న కుటుంబము, ఆసుపత్రికి పరుగిడవలసిన గడియలలో విధిని తలచుకొని కూర్చుండును. ఈ నమ్మికవలని అసలు కీడు అందున్నది.

మరియొక అపోహ తల్లిని నేరస్థురాలిగా నిలుపునది. బొప్పాయి తిన్నదనియు, బిందె మోసినదనియు, గ్రహణమునాడు వాకిట నిలిచినదనియు పురిటిమంచము చుట్టును గుసగుసలు పుట్టును. 2020వ సంవత్సరమున లోకమంతట 37 వారములు నిండకమున్నే పుట్టిన శిశువులు ఇంచుమించు 1 కోటి 34 లక్షలని అంచనా. అనగా పదిమందిలో ఒకరు. రక్తపుపోటు, గర్భాశయమునకు సోకిన అంటు, కవల గర్భము మున్నగునవి కారణములు కావచ్చును. అనేక సందర్భములలో వైద్యునకును కారణము దొరకదు. అపరాధభావముతో క్రుంగిన తల్లికి బిడ్డను తేరిపార చూచుటకే ధైర్యము చాలదు. కావున తల్లిదండ్రులకు అందింపవలసిన సాయములలో మొట్టమొదటిది, ‘నీ తప్పేమియు లేదమ్మా’ యని వైద్యుడు అత్తమామల యెదుట, నలుగురి యెదుట చెప్పుటయే.

అన్నింటికంటె లోతుగా పాతుకొన్న అపోహ వేరొకటి కలదు. బిడ్డ బ్రతుకు వెచ్చదనమిచ్చు గాజుపెట్టె (ఇంక్యుబేటరు) చేతిలోను వైద్యుల చేతిలోను ఉన్నదనియు, తల్లి తాకినచో అంటు సోకుననియు, ఆమె చేయదగినది తలుపు వెలుపల కన్నీటితో కాచుకొని యుండుటయే యనియు చదువుకొన్నవారు సైతము తలంతురు. చేతులు చక్కగా కడుగుకొనక తాకుట ప్రమాదమే. కాని ఆ నియమము వైద్యునకును, నర్సునకును, తల్లికిని ఒక్కటియే. 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో, పెట్టెలు చాలక, అంటురోగములతో సతమతమగుచుండిన యొక ప్రసూతి వైద్యాలయమున ఎడ్గార్ రే సనాబ్రియా యను వైద్యుడును, ఆయనకు తోడైన హెక్టర్ మార్టినెస్‌ను, స్థిమితపడిన పసికందులను తల్లి రొమ్ముల నడుమ చర్మమునకు చర్మము తాకునట్లు నిలువుగా కట్టి యుంచు పద్ధతిని ప్రవేశపెట్టిరి. కంగారూ తన పిల్లను సంచిలో మోయు తీరును పోలియుండుటచే దీనికి కంగారూ సంరక్షణ మను పేరు వచ్చినది. పెట్టెలు కొనలేని దేశములకు మాత్రమే తగిన గతిలేని యుపాయమిదని చాలకాలము పలువురు భావించిరి.

ఆ భావన యెంత తప్పో 2021లో ప్రకటితమైన ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన తేటపరచినది. మన ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిని కలుపుకొని ఐదు దేశముల ఆసుపత్రులలో, 1 కిలో మొదలు 1.8 కిలోలలోపు బరువుతో పుట్టిన 3,211 మంది శిశువులను పరిశీలింపగా, పుట్టిన వెంటనే తల్లి గుండెలపై చేర్చినవారిలో 28 దినములలో మరణించినవారు నూటికి 12 మంది; స్థిమితపడిన పిదప చేర్చినవారిలో దాదాపు 16 మంది. ఈ భేదమును చూచి పరిశోధనను ముందుగనే ఆపివేసిరి. తల్లికి ఓపిక లేని వేళ తండ్రి ఱొమ్మునకును ఆ వెచ్చదనమే కలదని మన మగవారు తెలిసికొనవలెను.

బిడ్డ ఇల్లు చేరుటతో గండము గడచినదని కొందరు, ఇక బుద్ధి మందగించుట తప్పదని మరికొందరు తలంతురు. ఇరువురును పొరపడినవారే. గర్భమున జరుగవలసిన మెదడు పెరుగుదలలో కొంత నెల తక్కువ బిడ్డలకు బయటి వెలుతురులో, రొదలో జరుగును గనుక తోడ్పాటు కావలెను. అది యేవో యంత్రములతో చేయించు సాధన యని భ్రమింపరాదు. పసికందు వ్రేళ్లు విప్పార్చి చాచినపుడు, మొగము త్రిప్పుకొన్నపుడు ‘ఇక చాలు’ నని చెప్పుచున్నదని గుర్తించుట, నెమ్మదిగా కనులు విప్పి చూచునపుడు మోము దగ్గరకు చేర్చి పలుకరించుట, గుటకకు గుటకకు నడుమ ఊపిరి తీసికొననిచ్చుచు ఉగ్గుగిన్నెతో పాలు పట్టుట, ఇట్టి వానిని తల్లిదండ్రుల ప్రక్కన కూర్చుండి ఓపికతో నేర్పుటయే అందలి సారము. ఇట్టి కార్యక్రమములను పెక్కింటిని పరిశీలించిన సమీక్షలు, బడికి పోవు వయస్సు వరకు మేధాశక్తి కొంత మెరుగగుననియు, చలనశక్తిపై ఫలితము స్వల్పమనియు తేల్చినవి. అద్భుతములు జరుగునని ఆశపెట్టుట నాకు సమ్మతము కాదు. అయినను ఆ ‘కొంత’ యెంత విలువైనదో కన్నవారికే తెలియును. ఇట్టి తోడ్పాటునకు ప్రభుత్వపు ఏర్పాట్లును కలవు. ఆసుపత్రిలో పురుడైన యింటికి ఆశా కార్యకర్త 42 దినములలో 6 మారులు రావలెను. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రము లేర్పడినవి. అవి యెక్కడ నున్నవో అడిగి వెళ్లవలెను.

తేనె నాకించుట, సాంబ్రాణి పొగ వేయుట, ముర్రుపాలు పిండి పారబోయుట తక్షణము మానవలెను. నెల తక్కువ బిడ్డను కన్న తల్లి పాలలో మాంసకృత్తులు అధికముగా నుండును. కంటి విషయమునను ఏమరరాదు. చూచుటకు కన్ను బాగుగనే యున్నను లోపల రెటీనా చెడుచుండవచ్చును. 2 కిలోలకు గాని 34 వారములకు గాని లోపడి పుట్టిన బిడ్డకు 30 దినములు దాటకమున్నే కంటి పరీక్ష జరుగవలెను.

ఇక ఇరుగుపొరుగు బిడ్డలతో పోల్చుట. రెండు నెలలు ముందుగా పుట్టిన బిడ్డకు ఆరు నెలలు వచ్చినపుడు నాలుగు నెలల బిడ్డ చేయు పనులనే ఆశింపవలెను. రెండేండ్లవరకు ఈ లెక్కయే చెల్లును. టీకాలకు మాత్రము ఈ సడలింపు లేదు. బిడ్డ చీటిపై రెండు తేదీలు వ్రాసికొనుడు: పుట్టిన తేదీ, పుట్టవలసిన తేదీ. మొదటిదానిని బట్టి టీకాలు వేయింపుడు. బోర్లపడుటను, పారాడుటను, తప్పటడుగులను రెండవదానిని బట్టి యెదురుచూడుడు.