మాల్‌లో వాటా ఎవరిది?

2008 మార్చి 23న బేగంపేట నుంచి వాణిజ్య విమానాలు శంషాబాద్‌కు తరలాయి. అదే ఏడాది నవంబరులో గచ్చిబౌలి – శంషాబాద్ ఔటర్ రింగు రోడ్డు తెరుచుకుంది. మరుసటి అక్టోబరుకు మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే సిద్ధమైంది. దానిపై పోయేవారికి కింద అత్తాపూర్ బజారులో ఆగవలసిన పని లేదు. జొన్న, ఆముదం పండిన చెల్కలు, ద్రాక్షతోటలు ఉన్న శివారు అలా మాల్‌కు అనువైన నేల అయింది. ఇప్పుడు విమానాశ్రయం పక్కనే 1,500 ఎకరాల ఏరోసిటీలో కార్యాలయాలు, హోటళ్లు, దుకాణాలకు స్థలం కేటాయించారు. మాల్ లేచినప్పుడు చదరపు అడుగులు లెక్కిస్తారు, పడినప్పుడు పెట్టుబడిదారుడి నష్టం లెక్కిస్తారు. కులం ఈ రెండు పద్దుల్లోనూ కనిపించదు.

మొదటి పద్దు భూమిది. విమానాశ్రయానికి సేకరించిన భూమి సుమారు 5,500 ఎకరాలు. తెలంగాణ పల్లెల్లో దళితుల చేతిలో ఉన్న భూమిలో అధికభాగం ప్రభుత్వం పంచిన అసైన్డ్ భూమే. దాన్ని అమ్ముకునే హక్కు లేదని 1977 చట్టం చెప్పింది. పేదల భూమి పెద్దల పాలు కాకుండా కాపాడేందుకే ఆ నిషేధం. కానీ ప్రజాప్రయోజనం పేరిట ప్రభుత్వమే తిరిగి తీసుకున్నప్పుడు ఆ రక్షణే శాపమైంది. ‘భూమి మాదే, మీకు ఇచ్చేది దయతో’ అన్నది రెవెన్యూ శాఖ వాదన. పట్టాభూమి యజమానితో సమానంగా అసైనీకీ పరిహారం దక్కాలని చేవెళ్ల డివిజన్‌కు చెందిన కేసులో హైకోర్టు విస్తృత ధర్మాసనం తేల్చింది 2004లో. విమానాశ్రయ భూమి లీజు ఒప్పందం అంతకుముందే, 2003లోనే కుదిరింది. ఈ తేదీల వరుసను విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి.

రెండో పద్దు అంగడిది. వారపు సంతలో గోనెపట్టా పరుచుకుని కూర్చునే చోటుకు నాలుగు రూపాయల తైబజారు చెల్లిస్తే చాలు. సంత సమానత్వానికి నిలయమని చెప్పడం నా ఉద్దేశం కాదు. అక్కడా ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఊరికి తెలుసు. అయినా చేపలమ్మే ముదిరాజుకు, బుట్టలమ్మే మేదరికి, చెప్పులు కుట్టే మాదిగకు సంతలో చోటుండేది. మాల్‌లో దుకాణం తెరవాలంటే నెలల అద్దె ముందుగా డిపాజిట్ చేయాలి, బ్రాండ్ ఫ్రాంచైజీ ఉండాలి, బ్యాంకు పూచీ చూపాలి. తరతరాల వడ్డీ వ్యాపారం, భూమి, కాంట్రాక్టులు ఎవరి చేతిలో ఉన్నాయో వారికే ఇవి సాధ్యం. మున్సిపల్ దుకాణ సముదాయాల కేటాయింపులో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ ఉంది. మాల్‌లో ఆ ఊసే లేదు. అక్కడ బహుజనుడికి దొరికేది చీపురు, కాపలావాడి టోపీ, పార్కింగ్ చీటీ. అవీ ఏజెన్సీ చేతుల మీదుగానే.

ఇక పతనం. 2001లో హైదరాబాద్‌లో అడుగుపెట్టిన బిగ్ బజార్ ఇరవై ఏళ్లు మధ్యతరగతి ఆదివారాన్ని ఏలింది. 2022లో అప్పుల్లో కూరుకుపోయి, అద్దె ఒప్పందాలు రిలయన్స్ చేతికి పోయి, బోర్డులు దిగిపోయాయి. శివారుగా మొదలైన కూకట్‌పల్లిలో మంజీరా మాల్ 2023 సెప్టెంబరుకు లులు మాల్‌గా మారింది. భవనానికి మరో యజమాని దొరుకుతాడు, అప్పుకు దివాలా చట్టం ఉంది. ఏజెన్సీ మారిన రోజున పారిశుద్ధ్య కార్మికురాలి సర్వీసు మాత్రం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. దివాలా పరిష్కారంలో బ్యాంకులు కూర్చునే రుణదాతల సంఘంలో ఆమెకు కుర్చీ లేదు.

అమెరికాలో శివారు మాల్‌కు ఆదర్శమైన సౌత్‌డేల్ 1956లో వెలసిన ఎడైనా పట్టణంలో, కొన్ని ఇళ్ల పత్రాలపై నల్లవారికి అమ్మరాదన్న షరతు ఉండేది. షికాగో శివారు హార్వేలో 1966లో తెరిచిన డిక్సీ స్క్వేర్ 1978కి మూతపడింది. ఆ ఏళ్లలోనే తెల్లవారు ఊరు వదిలారు, నల్లవారు మిగిలారు. ఖాళీ మాల్‌లో ఓ హాలీవుడ్ సినిమా కోసం కార్లు గుద్ది చిత్రీకరణ జరిపారు. శిథిలాన్ని 2012లో గాని పూర్తిగా కూల్చలేదు. కొనుగోలు శక్తి వెంట మాల్ వచ్చింది, దాని వెంటే పోయింది. పాడుబడ్డ భవనంతో మూడు దశాబ్దాలు కాపురం చేసింది మాత్రం మిగిలిపోయినవారే. మన దగ్గర మాల్ పోతే ఆ పక్కన మిగిలేది ఏ వాడలో ఊహించడం కష్టం కాదు.

ఏరోసిటీ ఇంకా పూర్తిగా కట్టలేదు గనుక ఇప్పుడే అడగాలి. విమానాశ్రయ సంస్థలో రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం వాటా ఉంది. భూమి కోల్పోయిన కుటుంబాలకు అందులో ఒక్క షేరూ లేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థల కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి జరగాలన్న 2012 ఉత్తర్వు ఎలాగూ ఉంది. ఆ సూత్రాన్నే ఏరోసిటీ దుకాణాల లీజుకూ వర్తింపజేయాలని, మొదటి హక్కు నిర్వాసిత కుటుంబాలదని వాటాదారుగా ప్రభుత్వం బోర్డు సమావేశంలో ప్రతిపాదించవచ్చు. ఏజెన్సీ మారినా కార్మికుల సర్వీసు కొనసాగాలన్న షరతును లీజు పత్రంలోనే రాయించవచ్చు.