సున్నా వేరు, ఖాళీ వేరు

సోమందేపల్లెలో రాత్రి వాన పడితే తెల్లారి రచ్చకట్ట మీద తలా ఒక మాట. "పదునైంది, ఇత్తనమేయొచ్చు" అని ఒకరంటే, "దుమ్ము కూడా అణగలా" అని ఇంకొకరు. వాదన తెగేది ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకంలో కొలిచిన అంకెతోనే. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగే ఈ అనంతపురం సీమలో ఆ అంకె విలువ ఎవరికీ చెప్పనక్కర్లేదు. కానీ అది రిజిస్టర్‌లోనే ఉండిపోతే ఏం లాభం? వ్యవసాయ శాఖకు చేరాలి, బీమా లెక్కకు అందాలి.

ఈ వాన లెక్కకు ఒక చిన్న ప్రోగ్రాం రాశామనుకుందాం. దాన్ని మూడు రకాలుగా పరీక్షించాలి. 12.5 ఇస్తే 12.5 గానే దాచుకుందా? మైనస్ 3 ఇస్తే వద్దందా? ఏమీ ఇవ్వకపోతే సున్నా అనుకోకుండా ఖాళీగానే ఉంచిందా? ఇలాంటి పరీక్షలన్నీ ఒక విడతలో నడిస్తే అదొక టెస్ట్ సెషన్. దాని ఫలితాలను ఒక్కో పనిముట్టు ఒక్కో తీరులో దాస్తుంది. ఆపిల్ వారి ఎక్స్‌కోడ్ 2019 నుంచి వాటిని ఒక ప్రత్యేకమైన మూటగా కడుతోంది. ఆ మూట విప్పి, ఏ ప్రోగ్రామైనా చదవగలిగే జేసన్ పాఠంగా ఇచ్చేది ఎక్స్‌సీరిజల్ట్‌టూల్ అనే కమాండ్.

ఆ ఫలితాలను మౌస్‌తో నొక్కి తీసుకోవచ్చు కదా? తీసుకోవచ్చు, నొక్కడానికి మనిషి ఉంటే. పరీక్షలు అర్ధరాత్రి కూడా నడుస్తాయి, కోడ్ మారిన ప్రతిసారీ నడుస్తాయి. కమాండ్‌ను ఒకసారి రాసి పెడితే యంత్రమే ప్రతిసారీ అదే పని చేస్తుంది.

ఎక్స్‌కోడ్ దారి అది; మిగతా చాలా పనిముట్లది ఇంకో దారి. 1997లో జూరిక్ నుంచి అట్లాంటా వెళ్లే విమానంలో కెంట్ బెక్, ఎరిక్ గామా అనే ప్రోగ్రామర్లు కలిసి జావా ప్రోగ్రాంలను పరీక్షించే జేయూనిట్ రాశారు. తర్వాత అపాచీ యాంట్ అనే పనిముట్టు ద్వారా దాని ఫలితాలకు ఒక ఎక్స్‌ఎంఎల్ రూపం వచ్చింది. అదే ఇప్పుడు చాలా పనిముట్లకు ఉమ్మడి భాష. పైథాన్ లోకంలోని పరీక్షల పనిముట్టు పైటెస్ట్ కూడా ఒక చిన్న ఆప్షన్ చేరిస్తే ఆ రూపంలోనే ఫైలు రాస్తుంది, పరీక్షలను తనంతట తానే నడిపించే జెంకిన్స్ దాన్ని చదువుతుంది. ఏ పరీక్షకు ఎన్ని సెకన్లు పట్టాయి, ఏది ఎందుకు తప్పింది, దేన్ని నడపకుండా వదిలేశారు అన్నీ అందులో ఉంటాయి.

పని ముగించి వెళ్తూ, పరీక్షలు నడిపిన కమాండ్ ఒక అంకె కూడా ఇస్తుంది. పైటెస్ట్‌లో 0 అంటే తప్పులేం లేవని, 1 అంటే ఏదో పరీక్ష తప్పిందని, 5 అంటే అసలు పరీక్షలే దొరకలేదని. చిక్కంతా ఆ 0 తోనే. పరీక్షలన్నింటినీ వదిలేసినా వచ్చేది 0 యే! ఒక్కటీ నడవలేదన్న సంగతి ఆ అంకె చెప్పదు, ఎగుమతి చేసిన ఫైలు తెరిస్తే బయటపడుతుంది.

వర్షమాపకం చెడిపోయిన రోజు రిజిస్టర్‌లో గీయాల్సింది గీత. అక్కడ సున్నా రాస్తే, కురిసిన వాన కూడా కురవనట్టే లెక్క.