తెర నల్లబడితే కార్డు పాడైనట్టేనా?

ఇంటి కంప్యూటర్‌లో కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టి డ్రైవర్ వేస్తుంటే తెర నల్లబడింది. ఆ శనివారం అమ్మతో వీడియో కాల్ కుదరలేదు. కార్డు వాపసు చేద్దామనుకున్నాను. తీరా చూస్తే తప్పు నాదే, పాత కార్డు డ్రైవర్ తీసెయ్యలేదు.

మీకూ ఇలా జరిగితే కంగారు పడకండి. ముందు మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు కాక కార్డుకే ఉందో లేదో చూడండి. ఇంకో కంప్యూటర్‌లో కార్డు తయారీదారు సైటు నుంచి సరైన డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లోకి దించుకోండి. ఇంటర్నెట్ కేబుల్ పీకెయ్యండి, లేకపోతే విండోస్ తనంతట తానే మరో డ్రైవర్ వెయ్యొచ్చు.

విండోస్ మొదలవుతుండగా రెండు మూడుసార్లు పవర్ బటన్ నొక్కిపట్టి ఆపితే రిపేర్ మెనూ వస్తుంది. అక్కణ్ణుంచి సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి, పాత డ్రైవర్ తీసేసి, రీస్టార్ట్ చేసి కొత్తది వెయ్యండి. డివైస్ మేనేజర్‌లో మీ కార్డు పేరు కనిపిస్తే పనైనట్టే.

మరుసటి శనివారం అమ్మ మొహం చక్కగా కనిపించింది!