కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారా? అడ్మిషన్ టైంలోనే అడగండి

పిల్లల్ని కాలేజీలో చేర్పించేటప్పుడు ఫీజెంత, హాస్టల్ ఎలా ఉంది, ర్యాంకులెన్ని అని అడుగుతాం. కౌన్సెలర్ ఉన్నారా అని మాత్రం అడగం.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13 వేల మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. విశాఖపట్నంలో నీట్‌కు ప్రిపేర్ అవుతున్న ఓ అమ్మాయి మృతి కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా ఇవే అమల్లో ఉంటాయి. కోచింగ్ సెంటర్లకు కూడా వర్తిస్తాయి.

వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరుండాలి. అంతకంటే చిన్న సంస్థలైతే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయడం వీలైనంతవరకు మానుకోవాలి. నలుగురిలో అవమానించకూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టల్లో, క్లాసుల్లో పెద్దక్షరాలతో కనిపించాలి.

"డాక్టర్ దగ్గరికెళ్తే నలుగురికీ తెలిసిపోతుంది" అనే భయం చాలామందిది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు.

మన ఇళ్లల్లో పిల్లాడు తిండి మానేసి గదిలో కూర్చుంటే నజర్ తగిలిందంటారు. దువా చేయండి, దాంతోపాటు దవా కూడా ఇప్పించండి. రెండింటికీ పోటీ లేదు.

కాలేజీలో ఎవరూ లేకపోతే టెలిమానస్ ఉంది. నంబరు 14416. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లల ఫోన్లో ఈరోజే సేవ్ చేయించండి.