పుస్తకాలు ఎక్కువయ్యాయా?

“పుస్తకాలు మరీ ఎక్కువైపోయాయి, ఏది చదవాలో తెలీక ఏదీ చదవడం లేదు” అనే మాట నేటి విద్యార్థిలోకంలో తరచుగా వినిపిస్తున్నది. సాకులా ఉన్నా ఇందులో కొంత నిజం లేకపోలేదు. కనుక కొట్టిపారేయకుండా ముందు లెక్క చూద్దాం.

లోకంలో అచ్చయిన వేర్వేరు గ్రంథాలు సుమారు 13 కోట్లని 2010లో గూగుల్ సంస్థ అంచనా కట్టింది. ఆ తర్వాత వచ్చినవి దీనికి అదనం. ఇక మన సంగతి. ఇరవయ్యో ఏట మొదలుపెట్టి డెబ్బయ్యో ఏటి దాకా, ఒక్క వారమూ నాగా లేకుండా వారానికొక పుస్తకం చదివినా తేలేవి 2,600. అంటే మనం చదివే ఒక్కో పుస్తకానికి చదవకుండా మిగిలిపోయేవి దాదాపు 50,000! ఈ పందెంలో గెలిచేవాడు ఎవడూ లేడు.

ఈ దిగులు కొత్తదేమీ కాదు. పుస్తకాలు మరీ ఎక్కువైతే మనసు చెదిరిపోతుందని రోమన్ తత్త్వవేత్త సెనెకా సుమారు రెండు వేల ఏళ్ళ క్రితమే హెచ్చరించాడు. అప్పటికి అచ్చుయంత్రమే లేదు!

దీనికి పెద్దలు కనిపెట్టిన మందు జాబితా. 1886లో సర్ జాన్ లబ్బక్ అనే ఆంగ్లేయుడు లండన్‌లో కార్మికుల కళాశాలలో ఉపన్యసిస్తూ అందరూ చదవదగిన నూరు పుస్తకాల పట్టిక ఇచ్చాడు. అది పెద్ద దుమారమే లేపింది. జాన్ రస్కిన్ అయితే ఆ పట్టిక తీసుకుని పేర్లకు పేర్లు కలంతో కొట్టేశాడు. ఇద్దరూ మహా పండితులే. వారికే కుదరని ఏకాభిప్రాయం మనకెలా కుదురుతుంది?

మన ఇంటి ఉదాహరణే చూడండి. 1820 ప్రాంతంలో తెలుగు పండితుల్ని చదవదగిన కావ్యాలు చెప్పమంటే వేమనకు అందులో చోటు దక్కేది కాదేమో. జనం నోళ్ళలో నానుతున్న ఆ పద్యాలను పండితలోకం చాలావరకు చిన్నచూపే చూసింది. సి.పి. బ్రౌన్ దొర తాళపత్ర ప్రతులు సేకరించి, పాఠాలు సరిచూసి, ఇంగ్లీషు అనువాదంతో సహా 1829లో వేమన పద్యాలు ప్రచురించాడు. ఇవాళ వేమన లేని తెలుగు పట్టికను ఎవరూ ఊహించలేరు. ఎవరికీ అక్కరలేదనుకున్న ప్రతులను ఎవరో ఒకరు దాచి ఉంచబట్టే ఇది సాధ్యమైంది. పుస్తకాలు ఎక్కువ అని విసుక్కునే ముందు ఈ సంగతి గుర్తు చేసుకోవాలి. మనకు పనికిరానిది మరొకరికి పనికిరావచ్చు.

ఇదే విషయాన్ని ఎస్.ఆర్. రంగనాథన్ శాస్త్రంగా మలిచారు. గణితం బోధిస్తూ ఉండి, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయిన ఆయన 1931లో అయిదు గ్రంథాలయ సూత్రాలు ప్రకటించారు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం ఉంటుంది, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు ఉంటాడు అన్నవి వాటిలో రెండు. పాఠకుడి కాలం వృథా కానీయకూడదన్నది మరొకటి. గ్రంథాలయంలో వర్గీకరణ, కేటలాగు ఉన్నది ఇందుకే. 13 కోట్ల గుట్ట ముందు మనల్ని ఒంటరిగా నిలబెట్టకుండా, కావలసిన అర దగ్గరికి చేర్చడమే వాటి పని.

అయితే అందరూ చదవవలసినది ఏదీ లేదా? నా మటుకు నాకు ఒకటి తప్పనిసరి అనిపిస్తుంది. అది భారత రాజ్యాంగం. చదివినా చదవకపోయినా మనందరికీ వర్తించే పుస్తకం అది. తెలుగులోనూ దొరుకుతుంది. అంతా ఒక్క ఊపులో చదవనక్కరలేదు. పీఠిక, ప్రాథమిక హక్కుల భాగం చదివితే మొదటి మెట్టు ఎక్కినట్టే.

మిగతావాటికి పేర్ల పట్టిక కన్నా ఒక పద్ధతి మేలు. మన భాషలోది ఒకటి: 1909లో పెంచి రాసిన రూపంలో ‘కన్యాశుల్కం’ పూర్తిగా చదవండి, సినిమా చూశాం కదా అనుకోకండి. మన సబ్జెక్టులో మూలగ్రంథం ఒకటి: జీవశాస్త్రం వారికి డార్విన్, అర్థశాస్త్రం వారికి ఆడమ్ స్మిత్, కనీసం కొన్ని అధ్యాయాలైనా. మనది కాని జీవితం చూపించేది ఒకటి: జాషువా ‘గబ్బిలం’, అంబేద్కర్ ‘కుల నిర్మూలన’ వంటివి. చివరగా, మన అభిప్రాయానికి అడ్డం తిరిగేది ఒకటి. దాని పేరు ఎవరికి వారే వెతుక్కోవాలి.

అసలు ప్రమాదం పుస్తకాలు ఎక్కువ కావడంలో లేదు మిత్రులారా! గైడ్లు, క్వశ్చన్ బ్యాంకులు, పరీక్ష ముందురోజు చేతులు మారే జిరాక్సు నోట్సు, వీటితోనే మూడేళ్ళూ గడిపేసి, ఒక్క పుస్తకమైనా అట్ట నుంచి అట్ట దాకా చదవకుండానే డిగ్రీ పట్టా అందుకోవచ్చు. అలా బయటికి వెళ్ళినవాడికి మార్కులు తక్కువ కాకపోవచ్చు. కానీ ఒక మనిషి ఆలోచన మొదటి నుంచి చివరిదాకా ఎలా నడుస్తుందో ఓపిగ్గా వెంబడించే అలవాటు అబ్బదు. రేపు ఉద్యోగంలోనైనా, ఓటు వేసేటప్పుడైనా ఎవరో చేసిన సారాంశమే అతనికి దిక్కు.

అందుచేత 2,600 మాట అటుంచి, ఈ వేసవి సెలవులకు ఒక్కటి ఎంచుకుందాం. లైబ్రరీ కార్డులో మన పేరు పడటానికి అది చాలు.